రోహిణి కార్తెను దాటగల మొక్క: ఇంటి తోటకు బహువార్షికాలు, గడ్డి జాతులు, ఫెర్న్‌ల ఎంపిక

రెండేళ్ళకు మించి జీవిస్తూ, ఏటేటా తన వేరు నుంచి గాని భూగర్భ కాండం నుంచి గాని తిరిగి చిగురించే గుల్మాన్ని బహువార్షికం అంటారు. నిర్వచనంలో దోషం లేదు. అయితే ఆ మొక్క ఏ కాలానికి తలవంచి, ఏ కాలంలో తిరిగి లేస్తుందన్న సంగతి అందులో లేదు. ఉద్యానశాస్త్ర గ్రంథాలలో అధికభాగం చలిదేశాలలో రచించినవి కావడంతో, బహువార్షికం మంచు కింద నిద్రించి వసంతంలో మేల్కొంటుందన్న ఊహ చదువరి మనసులో తెలియకుండానే నాటుకొంటున్నది. తెలుగు నేలపై మొక్కను నిద్రపుచ్చేది మంచు కాదు, ఎండ. ఇక్కడి పరీక్షాకాలం ఏప్రిల్, మే నెలలు. అందులోనూ రోళ్ళు పగులుతాయని పేరుబడ్డ రోహిణి కార్తె. ఇంటి తోటలకు బహువార్షిక మొక్కలను, అలంకార గడ్డి జాతులను, ఫెర్న్‌లను ఎంచుకోవడంలో జరుగుతున్న పొరపాట్లలో చాలావాటికి మూలం ఈ ఒక్క తేడాను గమనించకపోవడమే.

ఆకర్షణీయమైన పువ్వులు లేని గడ్డికి, అసలు పువ్వే లేని ఫెర్న్‌కు తోటలో గౌరవస్థానం కల్పించినవారిలో జర్మనీకి చెందిన కార్ల్ ఫోర్‌స్టర్ ముఖ్యుడు. 1874లో జన్మించి 1970 వరకు జీవించిన ఆయన, పోట్స్‌డామ్ సమీపంలోని బోర్నిమ్‌లో నర్సరీ నడుపుతూ, చలిని తట్టుకొనే బహువార్షికాలను దశాబ్దాలపాటు ఎంపిక చేశాడు. గడ్డి జాతులు, ఫెర్న్‌లు తోటలలో ప్రవేశించిన తీరుపై 1957లో ప్రత్యేకంగా ఒక గ్రంథం వెలువరించాడు. ఆయన పేరుతోనే పిలిచే కెలమాగ్రోస్టిస్ గడ్డి రకం నేటికీ శీతల దేశాల తోటలలో సర్వసాధారణం. న్యూయార్క్‌లో వాడుక తప్పిన రైలు వంతెనపై 2009లో తొలి భాగం ప్రారంభమైన హై లైన్ తోటకు డచ్ రూపశిల్పి పీట్ ఔడాల్ఫ్ మొక్కల కూర్పు చేయడంతో ఈ ధోరణి ప్రపంచమంతటికీ పరిచయమైంది. గాలికి ఊగే గడ్డి కంకులు, వాటి మధ్య బహువార్షిక పూలమొక్కలు ఉన్న ఆ ఛాయాచిత్రాలను చూపి, అటువంటి తోటే కావాలని హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం నగరాలలో కొత్తగా ఇల్లు కట్టుకొన్నవారు కోరుతున్నారు. కోరికలో తప్పు లేదు. గడ్డి దుబ్బులతో కూడిన తోట పచ్చిక బయలుకంటె ఎంతో వివేకమైనది. చిక్కు మొక్కల జాబితాను కూడా ఆ చిత్రాల నుంచే తీసుకోవడంలో ఉన్నది.

పోట్స్‌డామ్ సాలుసరి వర్షపాతం 600 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ. అనంతపురం జిల్లా సాధారణ వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. అంకెలు మాత్రమే చూసేవారికి రెండు చోట్లా ఒకే తోట పెరగాలి. కాని పోట్స్‌డామ్‌లో ఆ వర్షం పన్నెండు నెలలకూ పంచుకొని కురుస్తుంది. ఆవిరయ్యే నీరు స్వల్పం. అనంతపురంలో అధికభాగం జూన్ నుంచి అక్టోబరు వరకు, అదీ కొద్ది రోజులలోనే కురుస్తుంది. తక్కిన కాలమంతా నేల ఆకాశానికి బాకీ పడి ఉంటుంది. వేసవిలో రోజుకు 8 మిల్లీమీటర్ల నీరు ఆవిరవుతుందనుకొంటే, నూరు చదరపు మీటర్ల పచ్చని తోటను అదే పచ్చదనంతో నిలపడానికి రోజుకు 800 లీటర్లు కావాలి. బోరుబావి ఎండి, ట్యాంకరు నీటిని కొనుక్కొనే వీధిలో ఈ లెక్క వేయకుండా తోట వేయడం ఇరుగుపొరుగువారి తాగునీటితో పందెం కాయడమే అవుతుంది.

శీతల దేశాల మొక్కలకు ఇక్కడ మరొక లోటు కూడా ఉన్నది. హోస్టా, పియోనీ వంటివి శీతాకాలంలో కొన్ని వారాలపాటు గట్టి చలి తగిలితేనే మరుసటి ఏడు సక్రమంగా చిగురిస్తాయి. ఆ చలి లభించనప్పుడు అవి ఒకేసారి చావవు, ఏడాదికేడాది క్షీణిస్తాయి. నీలి ఫెస్క్యూ వంటి చలిగాలపు గడ్డి జాతులది ఇంకొక కారణం. అవి గోధుమ, వరి మాదిరిగా సి3 మార్గంలో కిరణజన్య సంయోగక్రియ జరిపే మొక్కలు. వేడి పెరిగినకొద్దీ వాటి సామర్థ్యం పడిపోతుంది. సి4 మార్గాన్ని అనుసరించే జొన్న, సజ్జ, గరిక, వట్టివేరు తక్కువ నీటితో ఎక్కువ పెరుగుదలను సాధించి, ఎండలోనే హుషారుగా ఉంటాయి. పైరుల విషయంలో ఈ భేదాన్ని వ్యవసాయ విద్యార్థి రెండవ సంవత్సరంలోనే వల్లిస్తాడు. తోటమొక్కను ఎంచుకొనేటప్పుడు మాత్రం ఆ పాఠం ఎవరికీ గుర్తుకు రాదు.

ఎండకు నిద్రించి వానకు లేచే బహువార్షికాలు తెలుగు నేలకు కొత్త కావు. అడవి ఉల్లి, నేలతాడి, అడవినాభి, పిల్లిపీచర వంటివి దుంపలోనో గడ్డలోనో వేళ్ళలోనో ఆహారాన్ని దాచుకొని, తొలకరి తడికి లేస్తాయి. అడవినాభి నిప్పురంగు పువ్వును చూసిన వారెవరైనా దానిని తోటలో నిలపాలనుకొంటారు; దాని దుంప విషపూరితం కనుక చిన్నపిల్లలున్న ఇంట నాటరాదు. ఈ వర్గం మొక్కలలో తోటమాలికి కష్టమనిపించే గుణం ఒకటే: వేసవిలో అవి కంటికి కనిపించవు. కనిపించని మొక్కను చచ్చినదనుకొని తవ్వి పారేయడం, లేదా బతికించాలన్న తొందరలో రోజూ నీరు పోసి దుంపను కుళ్ళబెట్టడం, రెండూ తరచుగా జరుగుతుంటాయి. చలిదేశపు తోటమాలి డిసెంబరులో తన తోట బోసిగా ఉన్నదని దిగులుపడడు. మే నెలలో తోటలో కొంత భాగం ఎండుగడ్డి రంగులో ఉండటాన్ని అదే నిబ్బరంతో అంగీకరించడం ఇక్కడి గృహస్థుకు ఇంకా అలవాటు కావలసి ఉన్నది.

మొక్క దొరికే చోటు సంగతి కూడా చెప్పుకోవాలి. రెండు తెలుగు రాష్ట్రాలకు, వాటిని దాటి దేశంలోని అనేక ప్రాంతాలకు అలంకార మొక్కలను అందిస్తున్నది తూర్పు గోదావరి జిల్లా కడియం పరిసర గ్రామాల నర్సరీలు. గోదావరి కాలువ నీరు, ఒండ్రు మట్టి, తరాలుగా వచ్చిన అంటుకట్టే నేర్పు అక్కడ కలిసివచ్చాయి. ఆ నైపుణ్యాన్ని తక్కువ చేయడం ఎవరి తరమూ కాదు. కాని కాలువ నీటితో, షేడ్ నెట్ నీడలో, గాలిలో తేమ నిండిన చోట పెరిగిన మొక్క లారీలో ఒక రాత్రి ప్రయాణించి, మొరం మీద జానెడు ఎర్రచల్క ఉన్న స్థలంలో దిగితే, దాని ఆకు గాని వేరు గాని ఆ మార్పుకు సిద్ధమై ఉండదు. చిన్న పాలిథిన్ సంచిలో వేళ్ళు చుట్టలు చుట్టుకొని ఉంటాయి. ఆ చుట్టను విడదీయకుండా గుంతలో దింపితే, వేరు ఏడాది తరువాత కూడా సంచి ఆకారంలోనే ఉండటాన్ని చచ్చిన మొక్కను పీకి చూసినవారు గమనించే ఉంటారు. వరి నారుకు, టమాట నారుకు నాటే ముందు నీరు తగ్గించి గట్టిపరచడం రైతుకు తెలిసిన పనే. ఇంటి తోట మొక్కకు కూడా రెండు మూడు వారాలు నీడ తగ్గిస్తూ, తడుల మధ్య ఎడం పెంచుతూ ఆ మర్యాదే చేయాలి. పుష్పప్రదర్శనలు ఎక్కువగా జరిగే చలికాలంలో కొన్న మొక్కకు వేసవికి ముందు వేరూనడానికి మూడు నెలల వ్యవధి కూడా ఉండదు. మృగశిర, ఆరుద్ర కార్తెలలో నాటిన మొక్కకు ఎనిమిది నెలలకు పైగా వ్యవధి దొరుకుతుంది. బహువార్షికం నిలుస్తుందా లేదా అన్నది చాలావరకు ఈ వ్యవధిలోనే తేలిపోతుంది.

ఇక గడ్డి జాతులు. ఈ విషయంలో సస్యశాస్త్రం తన తప్పును తానే ఒప్పుకోవలసి ఉన్నది. బహువార్షిక గడ్డి అనగానే దర్భ, గరిక అంటూ నిర్మూలించవలసిన కలుపుల పట్టిక చదివే విధంగానే విద్యార్థులను ఈ శాస్త్రం తయారు చేసింది. పొలంలో అది న్యాయమే. గరిక పట్టిన చేను దున్నిన రైతుకు ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు. అయితే ఆ దృష్టితోనే చూడటం వల్ల కొండవాలులో, వాగు ఒడ్డున, చెరువు గట్టున నీరెవరూ పోయకుండా నిలిచిన దుబ్బుగడ్డి జాతుల అందం గాని, ప్రయోజనం గాని పరిశోధనకు అర్హమైన అంశంగా కనిపించలేదు. అలంకార గడ్డి అంటే విదేశాల నుంచి రావలసిన వస్తువన్న భావం ఏర్పడటానికి ఈ ఉపేక్ష కూడా ఒక కారణం.

వట్టివేరును తీసుకొంటే, ఇంతకు మించిన అలంకార గడ్డిని ఏ దేశపు జాబితాలోనూ వెదకనవసరం లేదు. నిటారుగా లేచి కొసలలో వంగే పత్రాలు నిలువెత్తు దుబ్బు కడతాయి. వేరు పక్కలకు పాకకుండా నిలువుగా దిగుతుంది; లోతైన నేలలో మూడు మీటర్ల వరకు పోగలదు. కర్ణాటకలోని గుండ్లుపేట ప్రాంత రైతులు దానిని పొలం గట్లపై కంచెగా తరాల తరబడి పెంచుకొన్నారు. నేల కోతను అరికట్టే సాధనంగా ప్రపంచ బ్యాంకు 1980వ దశకం చివరలో దానిని ప్రచారం చేసినప్పుడు, ఆ అనుభవం ఒక ఉదాహరణగా నిలిచింది. దక్షిణ భారతంలో సాగులో ఉన్న రకాలు విత్తనం కట్టడం అరుదు. పిలకలతోనే వృద్ధి చెందుతాయి. అందుచేత నాటిన చోటు వదలి పారిపోవు. ఉత్తరాదిన సహజంగా పెరిగే రకాలు విత్తనం కడతాయి గనుక పిలకలు ఎక్కడి నుంచి వచ్చినవో అడిగి తీసుకోవడం మంచిది. తొలకరిలో తల్లి దుబ్బును తవ్వి, రెండు మూడు పిలకల చొప్పున విడదీసి, ఆకులను జానెడు ఉంచి కత్తిరించి నాటాలి. కంచెగా కావాలంటే 15 సెంటీమీటర్ల ఎడం, విడి దుబ్బుగా కావాలంటే ఒక మీటరు ఎడం చాలు. మొదటి వేసవిలో వారానికి ఒక తడి ఇస్తే, రెండవ వేసవికి దాని పాట్లు అది పడుతుంది. ఒకే షరతు: వేళ్ళను తవ్వి తడికలకు అమ్మదలచినవారు దానినే గట్టు కాపలాకు పెట్టుకోరాదు. రెండు పనులకు రెండు వరసలు ఉండాలి.

కొండచీపురు సంగతి ఇంకా విచిత్రమైనది. ఉత్తరాంధ్ర ఏజెన్సీ కొండలలో గిరిజనులు కోసి తెచ్చే ఈ గడ్డి కంకులను గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేస్తుంది. ఊరూరా ఇళ్ళను ఊడ్చేది ఆ కంకులతోనే. థైసనోలీనా లాటిఫోలియా అన్న శాస్త్రీయనామంతో ఇదే మొక్కను వెచ్చని ప్రాంతాల విదేశీ తోటలలో అలంకార గడ్డిగా పెంచుతారు. వెదురు ఆకును పోలిన వెడల్పాటి పత్రాలు, చలికాలం చివర మెత్తని కుచ్చులా వంగే కంకి, కొండవాలున మట్టిని పట్టి ఉంచే వేరు దీని గుణాలు. మైదానంలో పూర్తి ఎండకు ఇది ఓర్వదు. మధ్యాహ్నం తరువాత నీడ పడే తూర్పు దిక్కున, కాస్త తేమ నిలిచే నేలలో నాటితే పెరుగుతుంది. నగరంలోని ఇంటివారు దూరదేశపు పంపాస్ గడ్డి కంకులను కొని గదిలో అలంకరించుకొంటూ, అదే గదిని ఊడ్చే చీపురు వైపు ఒక్కసారైనా ఆ దృష్టితో చూడకపోవడం గమనార్హం. ఏజెన్సీ గిరిజన రైతులు తమ మెట్ట భూముల గట్లపై పెంచిన తల్లి దుబ్బుల నుంచి పిలకలను నర్సరీలకు అమ్మే ఏర్పాటు జరిగితే, చీపురు ధరకు తోడు మరొక ఆదాయమార్గం వారికి ఏర్పడుతుంది. అడవిలోని దుబ్బులను పెకలించి తెచ్చే పద్ధతికి మాత్రం తావివ్వరాదు; కంకిని కోస్తే దుబ్బు మళ్ళీ పెరుగుతుంది, పెకలిస్తే ఆ వాలున మిగిలేది కోసుకుపోయే మట్టి.

ఇక్కడి గడ్డి అయినంత మాత్రాన ప్రతిదీ తోటకు పనికిరాదు. దసరా నాటికి గోదావరి లంకలను తెల్లగా కప్పే రెల్లు చూడముచ్చటైనదే. కోయంబత్తూరులో దీనిని చెరకుతో సంకరపరచి 1918లో విడుదల చేసిన కో 205 రకం నుంచి నేటి చెరకు రకాల వరకు దాని మొండితనమే రైతుకు అన్నం పెడుతున్నది. ఆ మొండితనమే ఇంటి తోటలో శత్రువు. కొమ్ములు నేల కింద పాకుతాయి, దూదిలాంటి విత్తనం గాలికి ఎగురుతుంది. రెండు వందల గజాల స్థలంలో రెల్లు నాటినవారు కొన్నేళ్ళకు రెల్లులో కాపురముంటారు. దర్భను కుండీకే పరిమితం చేయడం క్షేమం. నిమ్మగడ్డి అన్ని విధాలా సాధువు. రెండు మూడేళ్ళకొకసారి దుబ్బు విడదీస్తే చాలు.

స్వదేశీ రెల్లు విషయంలోనే ఇంత జాగ్రత్త కావలసినప్పుడు, ఫౌంటెన్ గడ్డి పేరుతో అమ్ముడవుతున్న ఆఫ్రికా జాతి విషయంలో ఎంత కావాలో ఊహించవచ్చు. సెంక్రస్ సెటేసియస్ అనే ఆ గడ్డి సజ్జకు దగ్గరి చుట్టం. ఫలదీకరణ లేకుండానే విత్తనం కట్టగలదు, ఆ విత్తనం గాలికి ఎగిరిపోగలదు. అలంకారానికి తెచ్చిన హవాయి దీవులలో లావా మైదానాలను ఆక్రమించి, ఎండిన దుబ్బులతో మంటలకు ఇంధనమైంది. అమెరికాలోని అరిజోనా ఎడారి వాలులలోనూ అదే జరిగింది. ఐరోపా సమాఖ్య 2017లో దానిని ఆందోళనకరమైన విదేశీ దురాక్రమణ జాతుల జాబితాలో చేర్చింది. అరిజోనా వాలులకు, రాయలసీమ రాతి గుట్టలకు వాతావరణంలో ఉన్న పోలికలు చూస్తే, ఇక్కడ కూడా అలా జరగదన్న ధైర్యానికి ఆధారం కనిపించదు. నల్లమల, శేషాచలం అడవులలో వేసవి మంటలు అసలే అటవీ సిబ్బందికి పరీక్ష. వాటి అంచున ఉన్న విల్లా తోటల నుంచి మరొక మండే గడ్డి ఎగిరివస్తే దాని ఖర్చును మొక్క అమ్మినవారు గాని, కొన్నవారు గాని భరించరు. ఊదారంగు ఆకుల రకం మాత్రం చాలావరకు వంధ్యమైనది. మోజు పడినవారు దానితో సరిపెట్టుకోవచ్చు. ఆకుపచ్చ రకాన్ని మాత్రం నర్సరీలు స్వచ్ఛందంగా మానుకోవడం మేలు.

ఈ హెచ్చరిక అతిగా తోచినవారు ఏ ఊరి చెరువుకైనా వెళ్ళి గుర్రపుడెక్కను చూడవచ్చు. దక్షిణ అమెరికాకు చెందిన ఆ బహువార్షికం ఊదా పువ్వు అందానికి మురిసి పందొమ్మిదవ శతాబ్దం చివర బెంగాలులో ప్రవేశపెట్టినదే. లాంటానా కూడా తోట కంచెగా వచ్చి అడవిని పట్టినదే. పసుపు పువ్వులతో నేలను కప్పే వెడేలియాను ప్రపంచంలోని వంద అతి హానికర దురాక్రమణ జాతులలో ఒకటిగా అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య పేర్కొన్నది. అది నేటికీ ఉద్యానవనాల టెండర్లలో నేలను కప్పే మొక్కగా చోటు సంపాదిస్తూనే ఉన్నది. విదేశీ మొక్కలన్నింటినీ వెలివేయాలన్న వాదం కాదిది. నేలసంపెంగ మెక్సికో నుంచి, బిళ్ళగన్నేరు మడగాస్కర్ నుంచి వచ్చినవి. వాటివల్ల కలిగిన నష్టమేమీ లేదు, ఒకదానివల్ల రైతుకు ఆదాయం, మరొకదానివల్ల వైద్యానికి మందు లభించాయి. చూడవలసినది మొక్క జన్మస్థలం కాదు, దాని నడవడి: విత్తనం ఎంత దూరం పోతుంది, కొమ్ము ఎంత వేగంగా పాకుతుంది, నీరు మానేస్తే ఏమవుతుంది.

ఫెర్న్‌ల విషయం వేరు. ఇవి పారిపోయే మొక్కలు కావు, నిలబెట్టుకోవడమే కష్టం. పువ్వు, విత్తనం లేని ఈ వర్గంలో సిద్ధబీజం మొలిచి ఏర్పడిన చిన్న ఆకువంటి దశలో, పురుష బీజకణం నీటి పొరలో ఈది స్త్రీ బీజకణాన్ని చేరాలి. తడి లేనిదే తరం సాగని మొక్క ఎండాకాలపు దక్కను పీఠభూమిపై సుఖంగా ఉండాలని ఆశించడం అత్యాశ. వ్యవసాయదారులకు బాగా తెలిసిన ఫెర్న్ ఒకటున్నది, అది అజొల్లా. వరిచేలో నీరు నిలిచినంతకాలం నత్రజనిని సమకూర్చి, నీరు తీయగానే మాయమవుతుంది. ఫెర్న్ స్వభావమంతా అందులోనే ఉన్నది. కనుక ఇంటి తోటలో ఫెర్న్‌కు కేటాయించవలసినది ఒక మూల మాత్రమే. ఉత్తరపు గోడ నీడ, స్నానాల గది వెనుక సందు, చెట్టు కింద తొట్టి వంటి చోట్లు దానికి తగినవి. మిద్దె తోటలో షేడ్ నెట్ కింద కూడా మే నెల వడగాలికి ఫెర్న్ ఆకులు మాడిపోతాయి. నీడ ఉన్నా గాలిలో తేమ లేకపోవడమే కారణం.

ఎక్కువమంది గ్రహించని విషయం నీటి నాణ్యత. తాగునీటి శుద్ధి యంత్రం నుంచి వదిలే నీటిని వృథా చేయరాదన్న సదుద్దేశంతో ఫెర్న్ కుండీలలో పోస్తున్నారు. ఆ నీటిలో లవణాలు అసలు బోరు నీటిలో కంటె ఎక్కువగా పోగుపడి ఉంటాయి. కొద్ది వారాలలో ఆకు కొసలు గోధుమ రంగుకు తిరిగి ఎండుతాయి. తెగులనుకొని మందు పిచికారీ చేస్తారు. ఆ నీటిని గరికకో వట్టివేరుకో మళ్ళించవచ్చు. ఫెర్న్‌కు వాన నీరు శ్రేష్ఠం. అది లేని కాలంలో ఏసీ గొట్టం నుంచి కారే నీరు ఉన్నది. గాలిలోని తేమ చల్లబడి ఏర్పడినది కనుక అందులో లవణాలు దాదాపు ఉండవు. ఫెర్న్‌కు నీరు అత్యవసరమైన ఏప్రిల్, మే నెలలలోనే ఆ యంత్రం కూడా ఎడతెరిపి లేకుండా నడుస్తుంది.

ఆకు అడుగున వరుసగా ఏర్పడే గోధుమ రంగు చుక్కలు సిద్ధబీజాశయాల గుంపులు. వాటిని పొలుసు పురుగుగానో తుప్పు తెగులుగానో పొరబడి మందుల దుకాణానికి ఆకు తీసుకొని వెళ్ళేవారు తక్కువేమీ కారు. చుక్కలు ఈనెకు ఇరువైపులా క్రమంగా, సమానమైన ఎడంతో ఉంటే అది మొక్క ఆరోగ్యానికి గుర్తు. అడ్డదిడ్డంగా, కాడపై కూడా ఉండి గోటితో గీకితే ఊడివస్తే అప్పుడు పురుగని అనుమానించాలి.

జాతుల ఎంపికలో నెఫ్రోలెపిస్ వర్గం మొదటి మెట్టు. వీటిలో కార్డిఫోలియా అనే జాతి వేళ్ళపై చిన్న గోళీలవంటి దుంపలలో నీటిని దాచుకొంటుంది. ఒకటి రెండు రోజులు మరచినా క్షమిస్తుంది. పాత ఇటుక గోడల సున్నపు సందులలో తనంతట తానే మొలిచే టెరిస్ విట్టాటా సున్నపు నీటికి ఓర్చుకొంటుంది. ఇక రాతి కొండల పగుళ్ళలో, కోట గోడలలో కనిపించే మయూరశిఖ ఒక వింత. ఎండకు ముడుచుకొని చచ్చినట్లుండి, వాన తగిలిన కొద్ది గంటలలో నెమలి కుచ్చులా విచ్చుకొంటుంది. తెలుగు నేలకు తగిన ఫెర్న్ ఏదంటే నిస్సందేహంగా అదే. అయితే మూలిక పేరుతో కొండల నుంచి దానిని పెరికి అమ్మడం జరుగుతున్నది కనుక, సిద్ధబీజాల నుంచి పెంచే పద్ధతి స్థిరపడేవరకు దానిని తోటలకు సిఫారసు చేయడం ఉచితం కాదు. చెట్టు ఫెర్న్‌ల విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. సయాథియా జాతుల అంతర్జాతీయ వ్యాపారం సైట్స్ ఒప్పందపు రెండవ అనుబంధం కింద నియంత్రణలో ఉన్నది.

పూల బహువార్షికాల గురించి విస్తరించనక్కరలేదు. తెలుగు పెరళ్ళకు అవి పాత నేస్తాలు. కనకాంబరం, డిసెంబరాలు, ముళ్ళగోరింట, మెట్టతామర, చామంతి నూటికి నూరుపాళ్ళు బహువార్షికాలే. చామంతి పిలకను అరచేతిలో పెట్టుకొని ఇల్లు మారిన గృహిణికి దుబ్బు విభజన గురించి వేరే పాఠం అవసరం లేదు. పూత అయిన తరువాత చామంతిని నేలమట్టానికి కోసి, వేసవిలో నీడపట్టున పిలకలను కాపాడి, తొలకరిలో విడదీసి నాటడమనే ఆ పాత పద్ధతే తక్కిన వాటికీ వర్తిస్తుంది. గడ్డి దుబ్బులను ఎప్పుడు కోయాలన్నదానిలో మాత్రం విదేశీ సలహాను పక్కన పెట్టాలి. అక్కడ ఎండిన కంకులను శీతాకాలమంతా అందానికి ఉంచి వసంతారంభంలో కోస్తారు. ఇక్కడ ఎండిన దుబ్బును వేసవిలో ఇంటి గోడను ఆనుకొని ఉంచడం అగ్నికి ఆహ్వానం. శివరాత్రి నాటికి జానెడు ఎత్తుకు కోసి, ఆ గడ్డినే తక్కిన మొక్కల మొదళ్ళలో ఆచ్ఛాదనగా పరిస్తే తేమ నిలుస్తుంది, చెదలు ఉన్న చోట మాత్రం మొదలుకు తగలకుండా బెత్తెడు దూరంగా పరవాలి.

వ్యక్తుల తోటలకంటె పెద్ద నీటి ఖర్చు రహదారుల మధ్య డివైడర్లది. చిన్న లోతు మట్టిలో, ఇరువైపులా వేడెక్కే తారురోడ్డు మధ్య, రోజూ ట్యాంకరు వస్తే తప్ప బతకని మొక్కలను ఏటా కొత్తగా నాటే టెండర్లు పట్టణాలలో మామూలయ్యాయి. మొక్క బతికితే కాదు, నాటితే సొమ్ము చెల్లించే పద్ధతి ఉన్నంతకాలం గుత్తేదారును నిందించి ప్రయోజనం లేదు. రెండు వేసవులు గడిచాక మిగిలిన మొక్కల లెక్కపై బిల్లులో కొంతభాగం చెల్లించే నిబంధన పెడితే, ఏ జాతి నాటాలో గుత్తేదారే వెదికి తెలుసుకొంటాడు.

నర్సరీ నుంచి బయలుదేరే ప్రతి కుండీకి మొక్క పేరు, ధర తప్ప వేరే సమాచారం ఉండదు. విత్తన సంచిపై మొలక శాతం ముద్రించాలని రైతు కోసం చట్టం ఉన్నప్పుడు, అలంకార మొక్కపై దాని శాస్త్రీయ నామం, పాకే స్వభావం, విత్తనం కట్టే గుణం, రెండవ వేసవిలో కావలసిన నీరు తెలుగులో రాసి ఇవ్వడం నర్సరీ సంఘాలకు భారమేమీ కాదు. ఆ చీటీలో రాయడానికి కావలసిన సమాచారమే ఇప్పుడు కొరవడి ఉన్నది. దానిని సమకూర్చే బాధ్యత విశ్వవిద్యాలయాలది. వెంకటరామన్నగూడెం, ములుగు ఉద్యాన విశ్వవిద్యాలయాలు, వ్యవసాయ విశ్వవిద్యాలయాల పరిశోధన కేంద్రాలు నల్లరేగడిలో ఒకటి, ఎర్రచల్కలో ఒకటి, తీరప్రాంతపు ఇసుక నేలలో ఒకటి చొప్పున మడులు కేటాయించి, ఇక్కడి దుబ్బుగడ్డి జాతులను, కరవుకు ఓర్చే బహువార్షికాలను, మార్కెట్లో దొరికే విదేశీ రకాలతో పక్కపక్కనే పరీక్షించవచ్చు. మొదటి ఏడు పోషణ తడులు, రెండవ ఏడు ఫిబ్రవరి నుంచి నీరు పూర్తిగా నిలిపివేత, తొలకరి తరువాత నెల రోజులకు చిగురించినవాటి లెక్క, మడి వెలుపల మొలిచిన మొలకల లెక్క సేకరించాలి. జూన్‌లో నాటితే మూడవ జూలై నాటికి తొలి పట్టిక సిద్ధమవుతుంది.